అద్దె ఇంటికి వినైల్ ప్లాంక్: 12 మిల్లా, 20 మిల్లా? కార్పెట్ పీకేసి కూర్చున్నాం

నేలవిడిచిసాము (డల్లాస్) · 3 వారాల క్రితం

అందరికీ నమస్కారం. డల్లాస్ పక్కన లూయిస్‌విల్‌లో మాకో చిన్న అద్దె ఇల్లుంది. 1997లో కట్టింది, ఒకటే అంతస్తు, కింద కాంక్రీటు స్లాబు. ఆరేళ్ళున్న టెనెంట్లు పోయిన వారం ఖాళీ చేశారు. మంచివాళ్ళే, అద్దె ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. వాళ్ళ కుక్క మాత్రం ఆరేళ్ళూ కార్పెట్‌నే పెరడనుకుంది. శనివారం నేనూ మా బావమరిదీ కలిసి మొత్తం పీకి డంప్‌స్టర్‌లో వేశాం. వాసన మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

వంటిల్లు, బాత్రూముల్లో టైల్ ఉంది, దాని జోలికి వెళ్ళను. హాలు, నడవా, మూడు బెడ్‌రూములు కలిపి 1,150 చదరపు అడుగులు. వాటికి వినైల్ ప్లాంక్, అదే చెక్కలా కనిపించే ప్లాస్టిక్ పలకలు వేద్దామని. షాపులో ఒకాయన 8 మిల్లీమీటర్లది చూపించి "ఇంతకన్నా మందం రాదు" అన్నాడు. కాంట్రాక్టరేమో "నువ్వు ఏది తెచ్చినా వేస్తా" అంటాడు. మా ఆవిడ "బూడిద రంగు మాత్రం తేవద్దు" అంది. ఈ మూడు ముక్కలు తప్ప నాకింకేం తెలియదు. అన్నీ కలిపి 6,000 డాలర్లలో తేలాలి. వచ్చే నెల మొదటికి ఇల్లు సిద్ధం కావాలి.

12 మిల్ చాలా, 20 మిల్ కావాలా? పలకలు ఒకదానికొకటి క్లిక్ చేసి బిగించేదా, నేలకి గమ్ముతో అంటించేదా?

గుంటూరుగుంట · 3 వారాల క్రితం

8 మిల్లీమీటర్లని మురిసిపోకండి. అందులో కింద అంటించిన ఫోమెంతో అడగండి.

చెక్కభజన (ఆస్టిన్) · 3 వారాల క్రితం

అన్నా, ఇప్పటికి నాలుగిళ్ళు నా చేతులతోనే వేశాను. అందులో రెండు అద్దెవి, ఒకటి రెండుసార్లు వేశాను. ఆ రెండోసారి ఎందుకొచ్చిందో కిందకి వచ్చాక చెబుతా.

ముందు లెక్క సరిచేసుకుందాం. మిల్ అంటే మిల్లీమీటరు కాదు, అంగుళంలో వెయ్యో వంతు. 12 మిల్ అంటే 0.3 మిల్లీమీటర్లు, 20 మిల్ అంటే 0.5. పలక మొత్తం మందం మిల్లీమీటర్లలో, పైన ఉండే వేర్ లేయర్ మిల్‌లలో రాస్తారు. డబ్బా మీద రెండూ పక్కపక్కనే ఉండేసరికి కొత్తవాళ్ళు తికమక పడతారు. నేనూ పడ్డాను. మీరు చూసే చెక్క డిజైన్ ఒక ముద్రించిన పొర, అంతే. దానిమీద ఉన్న పారదర్శకమైన పొరే వేర్ లేయర్. అది అరిగిందంటే పని అయిపోయినట్టే, అసలు చెక్కలాగా రంద పట్టి మళ్ళీ పాలిష్ చేసే వీల్లేదు. కాబట్టి అద్దె ఇంటికి 20 మిల్ తీసుకోండి, చదరపు అడుగుకి పావలో అర్ధో డాలరు ఎక్కువైనా సరే. మొత్తం మందం 5.5, 6 మిల్లీమీటర్లు చాలు.

ఇక పలక లోపల ఉండే సరుకు. ఎస్‌పీసీ అంటే సున్నపురాయి పొడి, ప్లాస్టిక్ కలిపినది. గట్టిగా, బరువుగా, కాళ్ళకి చల్లగా ఉంటుంది. డబ్ల్యూపీసీ అనే ఇంకో రకం కొంచెం మెత్తన, నడిస్తే హాయి, కానీ బరువైన మంచం కోడు కింద గుంట పడుతుంది. టెనెంట్లు మంచాలు ఎత్తరు, ఈడుస్తారు. ఎస్‌పీసీయే తీసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పలక గురించి మూడు పేరాలు రాశారు, నేల గురించి ఒక్క ముక్క రాయలేదు. నేను రెండుసార్లు వేసిన ఇల్లు ఇందుకే. బెడ్‌రూము గుమ్మం దగ్గర నేల కొంచెం కిందకి ఉందని తెలుసు. "పలక గట్టిదేగా, సర్దుకుంటుందిలే" అనుకున్నా. ఎస్‌పీసీ వంగదు. కింద ఖాళీ ఉంటే మనిషి నడిచినప్పుడల్లా పలక ఊగుతుంది, ఊగి ఊగి క్లిక్ నాలుక విరుగుతుంది. ఎనిమిది నెలలకి గుమ్మం దగ్గర పలకల మధ్య సందులొచ్చాయి. టెనెంట్ ఫోన్ చేసి "కీచుమంటోంది" అంటే ఎలుకేమో అనుకున్నా.

చాలా కంపెనీలు అడిగేది 10 అడుగుల పొడవులో 3/16 అంగుళానికి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదని. పొడవాటి అల్యూమినియం పట్టీ ఒకటి పట్టుకుని గది గదికీ అడ్డంగా, నిలువుగా, ఐమూలగా పెట్టి చూడండి. చూశాక ఇక్కడికి రండి. అప్పటిదాకా షాపుకి వెళ్ళొద్దు.

కొలనుగట్టు (ఫీనిక్స్) · 3 వారాల క్రితం

ఇంత తిప్పలెందుకు బ్రో, టైల్ వేసి పారేయండి. ముప్పై ఏళ్ళు చూడక్కర్లేదు. లేదా చవక కార్పెట్ వేసి టెనెంట్ మారినప్పుడల్లా మార్చుకోండి.

చెక్కభజన · 3 వారాల క్రితం

ఫీనిక్స్‌లో సరే. డల్లాస్ చుట్టుపక్కల అంతా నల్లరేగడి అండీ. కర్నూలు, ప్రకాశం పొలాలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఎండాకాలం నెర్రెలిచ్చి వానాకాలం ఉబ్బే మట్టి. ఇక్కడ జనం ఎండల్లో ఇంటి పునాది చుట్టూ సోకర్ హోసులు (సన్నగా నీళ్ళు కారే పైపులు) పెట్టి మట్టిని తడుపుతారు. అలాంటి మట్టి మీద స్లాబు కదిలితే కింద చీలిక పైన టైల్‌లో కనిపిస్తుంది. క్లిక్ వినైల్ స్లాబుకి అతికించకుండా పైన పరిచే తేలే నేల కాబట్టి దానికి ఆ బాధ తక్కువ. బాగానే ఉన్న టైల్‌ని మాత్రం ఎవరూ తీయక్కర్లేదు.

బేతంచెర్లబండ (హైదరాబాద్) · 3 వారాల క్రితం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారి ఇంట్లో బేతంచెర్ల నాపరాళ్ళు. మా పెళ్ళికి ముందు వేసినవి, మా అబ్బాయి పెళ్ళి కూడా వాటిమీదే అయింది. బకెట్ నీళ్ళు కొట్టి కడిగేవాళ్ళం. ఇప్పుడు కొంపల్లిలో అద్దెకిచ్చిన మా ఫ్లాట్‌లో పాత మొజాయిక్ మీద ఈ వినైల్ పలకలు వేయమంటున్నారు. పైన కడగొచ్చా?

చెక్కభజన · 3 వారాల క్రితం

కడగొద్దు బాబాయ్ గారూ. పలకకి నీళ్ళు ఏం చేయవు. కానీ బకెట్ నీళ్ళు గోడ పక్క సందులోంచి కిందకి దిగితే అక్కడే నిలిచి వాసనొస్తుంది. బాగా పిండిన తడిగుడ్డ చాలు. ఇక్కడివాళ్ళకీ ఒక మాట, స్టీమ్ మాప్ అసలు వాడొద్దు. అయినా మీ మొజాయిక్ బాగుంటే పాలిష్ కొట్టించండి, దానికి సాటి ఇది రాదు.

పసుపుకొమ్ము (షార్లట్) · 3 వారాల క్రితం

నాది చిన్న అనుభవం. మా అద్దె ఇంట్లో లేత రంగు వినైల్. ఖాళీ చేశాక చూస్తే సింక్ ముందు గుమ్మడిపండు రంగులో పెద్ద మరక. వాళ్ళూ మనవాళ్ళే, ఇంకేముంది, పసుపే అనుకున్నా. సబ్బు, వెనిగర్, బేకింగ్ సోడా, ఏం పెట్టినా కదల్లేదు. డిపాజిట్‌లో కోస్తానని ఆ అమ్మాయితో కాస్త గట్టిగానే మాట్లాడాను.

తీరా చూస్తే మరక సరిగ్గా చాప ఆకారంలో ఉంది, అంచులతో సహా. సింక్ ముందు వేసుకున్న రబ్బరు అడుగు మ్యాట్ వల్ల వచ్చింది. రబ్బరులోని రసాయనం వినైల్‌లోకి దిగి పసుపురంగు తిరుగుతుందట, అది తుడిస్తే పోయేది కాదు. పసుపుదేమో అసలు వేర్ లేయర్ మీద తడిగుడ్డతోనే పోతుంది, వెంటనే తుడిస్తే. ఆ అమ్మాయికి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఇప్పుడు లీజులో ఒక లైను పెట్టాను, రబ్బరు అడుగున్న మ్యాట్లు వేయకూడదని.

ఇంకొకటి, వేడి. పొయ్యి మీంచి దించిన కుక్కర్, పెనం కింద పెడితే మాడి మచ్చ పడుతుంది. దీపాలూ అంతే. దీపావళికి ప్రమిదలు నేల మీద వరసగా పెట్టే అలవాటు అందరికీ ఉంటుంది కదా. మా సొంతింట్లో పూజ దగ్గర ఒక గ్రానైట్ ముక్క వేసుకున్నాను, కౌంటర్‌టాప్ షాపుల్లో మిగిలిపోయిన ముక్క అడిగితే చవగ్గా ఇస్తారు.

గుంటూరుగుంట · 3 వారాల క్రితం

అక్కా, ఈ గొడవంతా ఎందుకు, పసుపు వాడనివాళ్ళకే ఇస్తే సరి 😀

లెక్కలమాస్టారు (హ్యూస్టన్) · 3 వారాల క్రితం

నవ్వులాటకైనా ఆ మాట రాతపూర్వకంగా వద్దు బాబూ. ఏ దేశం వాళ్ళని, ఏ మతం వాళ్ళని చూసి అద్దెకివ్వడం, ఇవ్వకపోవడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద నేరుగా తప్పు. "మనవాళ్ళకే ఇస్తాం" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్ళు కూడా చూసుకోవాలి.

నేలవిడిచిసాము గారూ, కుక్క చేసినదానికి డిపాజిట్ అంతా పట్టుకుందామని ఉందేమో, ఆగండి. టెక్సాస్‌లో వాళ్ళు ఇల్లు అప్పగించి, కొత్త చిరునామా రాసిచ్చాక 30 రోజుల్లో లెక్క పంపాలి. మామూలు వాడకంతో అరిగినదానికి కోయకూడదు. కుక్క మూత్రం మామూలు అరుగుదల కాదు, నిజమే. కానీ ఆరేళ్ళ పాత కార్పెట్‌కి కొత్త కార్పెట్ ఖరీదు వసూలు చేస్తానంటే జడ్జి ముందు నిలవదు.

నేలవిడిచిసాము · 3 వారాల క్రితం

డిపాజిట్‌లో 200 మాత్రమే కోశాను మాస్టారూ, ఫొటోలు, బిల్లు పంపాను. వాళ్ళూ ఒప్పుకున్నారు.

చెక్కభజన గారూ, మీరు చెప్పినట్టే పట్టీ పెట్టి చూశా. రెండు బెడ్‌రూములు బాగానే ఉన్నాయి. హాల్లో ఫైర్‌ప్లేస్ నుంచి నడవా దాకా మాత్రం పల్లం, లోతు 3/8 అంగుళం. పట్టీ కింద నా వేలు దూరుతోంది. కాంట్రాక్టర్‌ని అడిగితే "అండర్‌లేమెంట్ (పలక కింద పరిచే మెత్తటి పొర) ఇంకోటి వేస్తే సర్దుకుంటుంది" అన్నాడు. స్లాబులో సన్న చీలికలు కూడా ఉన్నాయి, వెంట్రుక వాసి. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

చెక్కభజన · 3 వారాల క్రితం

ఆ కాంట్రాక్టర్‌కి దండం పెట్టండి. పలక కింద ఫోమ్ అంటించే ఉన్నప్పుడు ఇంకో మెత్తటి పొర వేస్తే పలక ఇంకా ఊగుతుంది, చాలా కంపెనీల వారంటీ కూడా అక్కడితో సరి. మెత్తటిది పెట్టి పల్లం పూడ్చడం అంటే పరుపు మీద గచ్చు చేసినట్టు.

వెంట్రుక వాసి చీలికలతో భయం లేదు. చీలికకి అటూ ఇటూ చెయ్యి పెట్టి తడమండి. ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం అని తగిలితే మాత్రం ముందు పునాది చూసేవాళ్ళని పిలవాలి, ఫ్లోరింగ్ తరవాత.

పల్లానికి సెల్ఫ్ లెవెలర్ పోయండి, నీళ్ళు కలిపి పోస్తే తనంతట తానే మట్టంగా పరుచుకునే సిమెంటు పొడి అది. 50 పౌండ్ల సంచీ ఒకటి 1/8 అంగుళం మందంలో ఇంచుమించు 45, 50 చదరపు అడుగులకి వస్తుంది. మీది మధ్యలో లోతు, అంచుల్లో పలచన కాబట్టి ఐదారు సంచులు పట్టొచ్చు. ప్రైమర్ పూయకుండా పోశారో, పాత కాంక్రీటు నీళ్ళన్నీ పీల్చేసుకుని ఆ పొర పెచ్చులుగా లేస్తుంది. కార్పెట్ అంచున మేకుల పట్టీలు పీకినచోట స్లాబు పెచ్చులూడి ఉంటుంది, వాటినీ ప్యాచ్‌తో నింపండి. కుక్క తడిపిన చోట్ల షెల్లాక్ ప్రైమర్ రెండు కోట్లు వేయండి. ఆ వాసన కాంక్రీటులోకి దిగింది, ప్లాంక్ కింద కప్పెడితే పోదు. ఆగస్టులో లేస్తుంది.

తేమ కూడా చూడాలి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీట్ నాలుగు వైపులా టేపుతో అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు కింద చెమట పట్టినా, కాంక్రీటు రంగు మారినా తేమ ఉన్నట్టే. ఏమీ లేకపోతే తేమ లేదని గ్యారంటీ కాదు, గట్టి లెక్క కావాలంటే కాల్షియం క్లోరైడ్ కిట్ దొరుకుతుంది. ఏదేమైనా స్లాబు మీద 6 మిల్ ప్లాస్టిక్ షీట్ పరిచి దానిమీద వేయండి, డబ్బాలోని కాగితం వద్దంటే తప్ప.

కావేరిఒడ్డు (సియాటిల్) · 3 వారాల క్రితం

ఒక హెచ్చరిక, నేలవిడిచిసాము గారి ఇల్లు 1997ది కాబట్టి ఆయనకి కాదు. 1980కి ముందు కట్టిన ఇల్లయితే, కార్పెట్ కింద పాత 9 అంగుళాల టైల్స్ కనిపిస్తే గీకొద్దు, పగలగొట్టొద్దు. వాటిలో, వాటి నల్ల గమ్ములో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ముందు పరీక్ష చేయించండి. మాది 1958 ఇల్లు, పరీక్షలో ఉందని తేలింది, వాటిని కదపకుండా పైన కప్పేశాం.

ఉల్లిగారె (అట్లాంటా) · 2 వారాల క్రితం

గమ్ముతో అంటించేదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. మా కాంప్లెక్స్‌లో మేనేజ్‌మెంట్ వాళ్ళు అన్ని అపార్టుమెంట్లకీ అదే వేశారు. ఒక పలక పాడైతే హీట్ గన్‌తో వేడిచేసి లేపేసి కొత్తది పెడతారు, పావుగంట పని. క్లిక్ అయితే మధ్యలో పలక మార్చాలంటే గోడ నుంచి అక్కడిదాకా విప్పాలి, లేదా కోసి తీసి గమ్ముతో పెట్టాలి.

చెక్కభజన · 2 వారాల క్రితం

నిజమే, అద్దె ఇంటికి అది మంచి వాదన. పెద్ద గాజు తలుపుల పక్కన నేరుగా ఎండ పడే చోట కూడా గమ్ముదే నయం, క్లిక్‌ది వేడికి ఉబ్బి అంచులు లేస్తాయి. కానీ అది 2, 3 మిల్లీమీటర్ల పలచటి పలక, కింద ఇసుక రేణువున్నా పైకి కనిపిస్తుంది. నేలంతా అద్దంలా నునుపు చేయాలి. ఈయన నేలకి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పసుపుకొమ్ము · 2 వారాల క్రితం

రంగు సంగతి. బూడిద రంగు వద్దన్న మీ ఆవిడకి నా ఓటు, ఇప్పుడు చూస్తేనే ఏ సంవత్సరం వేశారో తెలిసిపోతోంది. మరీ నల్లటిది తీసుకుంటే దుమ్ము, జుట్టు, పిండి అన్నీ కనిపిస్తాయి. మధ్యస్థపు గోధుమరంగు, పైన కాస్త గీతలున్నట్టు ఉండే డిజైన్ తీసుకోండి. గీత పడినా డిజైన్‌లో కలిసిపోతుంది. నమూనా పలక షాపు లైట్ల కింద కాదు, ఇంట్లో మధ్యాహ్నం చూడండి. పిల్లలున్న ఇల్లయితే డబ్బా మీద ఫ్లోర్‌స్కోర్ ముద్ర ఉందేమో కూడా చూడండి, గాల్లోకి వదిలే రసాయనాలకి పెట్టిన పరీక్ష అది.

గుంటూరుగుంట · 2 వారాల క్రితం

ఎవరూ చెప్పనిది ఒకటి. నా ఇంట్లో వంటిల్లు కూడా వేయించా. పాత నేల మీదే, డిష్‌వాషర్ ముందు దాకా. ఆర్నెల్లకి డిష్‌వాషర్ చెడింది. బయటికి రాదు! ముందు నేల ఎత్తయింది, పైన గ్రానైట్ కౌంటర్, మధ్యలో ఇరుక్కుంది. చివరికి కాళ్ళు విప్పి, నాలుగు పలకలు కోసి లాగాం. వంటింట్లో వేసేవాళ్ళు డిష్‌వాషర్ కింద కూడా వేయించండి, లేదా ఎత్తు చూసుకోండి. కిచెన్ ఐలాండ్ మాత్రం ఎప్పుడూ తేలే పలకల మీద పెట్టొద్దు.

నేలవిడిచిసాము · 2 వారాల క్రితం

మాస్టారూ, పన్ను లెక్కల్లో ఇదంతా ఈ ఏడాది ఖర్చుగా రాసుకోవచ్చా?

లెక్కలమాస్టారు · 2 వారాల క్రితం

అంత తేలిగ్గా కాదు. పాతది తీసేసి ఇల్లంతా కొత్తది వేశారు కాబట్టి రిపేరు అనడం కష్టం. కార్పెట్ అయితే అద్దె ఇంట్లో 5 ఏళ్ళ ఆస్తి, అంటే దాని ఖర్చు అన్నేళ్ళకి పంచి రాసుకోవాలి, ఇల్లు 27.5 ఏళ్ళది. గమ్ముతో అతికించినది ఇంటిలో భాగమనీ, తేలే వినైల్ కార్పెట్ లాంటిదనీ వాదించే సీపీఏలు (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్లు) ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. చిన్న ఇంటి యజమానులకి సేఫ్ హార్బర్ అని ఒక వెసులుబాటు ఉంది: ఆ ఇంటి మీద ఏడాదిలో పెట్టిన రిపేర్లు, మెరుగులు అన్నీ కలిపి ఆ ఇంటికి మీరు పెట్టిన అసలు ఖరీదులో 2 శాతానికీ 10,000 డాలర్లకీ ఏది తక్కువో దానికి లోబడితే అప్పుడే రాసుకోవచ్చు. స్థలం ఖరీదు పక్కనపెట్టి మీ ఇల్లు 2 లక్షల 30 వేలకి పడిందనుకోండి, పరిమితి 4,600. మీ బడ్జెట్ 6,000, కాబట్టి దాటుతారు. బిల్లు రెండు ముక్కలు చేయిద్దామనే ఆలోచన వద్దు. మీ సీపీఏని అడగండి, నా మాట పట్టుకుని ఫైల్ చేయకండి.

నేలవిడిచిసాము · 5 రోజుల క్రితం

అయిపోయింది. ఎవరికైనా పనికొస్తుందని మొత్తం రాస్తున్నా.

6 మిల్లీమీటర్ల ఎస్‌పీసీ, 20 మిల్, గోధుమరంగు. 10 శాతం ఎక్కువ కలిపి 1,265 చదరపు అడుగులు, అడుగు 2.69 చొప్పున 3,403 డాలర్లు. వేరే ఆయన్ని పెట్టుకున్నా, కూలి అడుగుకి 2 డాలర్లు, 2,300. లెవెలర్, ప్రైమర్, ప్యాచ్ కలిపి 300 దాకా. అక్కడికి సరిపోయింది అనుకుంటే బేస్‌బోర్డుల (గోడ అడుగున కొట్టే పట్టీల) దగ్గర దొరికిపోయాను. బేస్‌బోర్డులు కార్పెట్ మందం చూసి పైకి కొట్టారట, కార్పెట్ తీసేసరికి కింద అర అంగుళం సందు. వాటిని దించి కొడితే పైన పాత పెయింట్ గీత కనిపిస్తుంది. అందుకే కింద క్వార్టర్ రౌండ్ పట్టీ కొట్టించాం. దానికీ గుమ్మాల దగ్గరి ట్రాన్సిషన్ పట్టీలకీ ఇంకో 350. మొత్తం 6,350 అయింది. తలుపుల కింద కూడా సందు ఎక్కువైంది, వాటిని ముట్టుకోలేదు.

లెవెలర్ నేనూ బావమరిదీ పోశాం. ఆరు సంచులు. మొదటి సంచీ కలిపేసరికి సగం బకెట్‌లోనే గట్టిపడింది, నీళ్ళు కొలవకుండా పోశాడు మావాడు. తరవాతి ఐదూ కొలిచి కలిపాం. మర్నాడు పట్టీ పెట్టి చూస్తే వేలు కాదు కదా, క్రెడిట్ కార్డు దూరింది, అంతే. నిజం చెప్పాలంటే ఇంటి మొత్తంలో నాకు గర్వంగా ఉన్నది కనపడని ఆ భాగమే.

వారంటీ కాగితం చదివాను, ముందే చదవాల్సింది. ఇంట్లో యజమాని ఉంటేనే లైఫ్‌టైమ్, అద్దెకిస్తే వేరే లెక్క, చాలా తక్కువ ఏళ్ళు. ఇల్లు ఎప్పుడూ 55 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంచాలని కూడా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు బిల్లు మిగులుద్దామని ఏసీ ఆపేసే అలవాటు నాకు. ఇప్పుడు 82 మీద పెట్టాను.

కొలనుగట్టు · 5 రోజుల క్రితం

సరే, ఒప్పుకున్నా. ఫొటోలో బాగుంది. కార్పెట్ అయితే ఇందులో సగానికి తేలేది అని మాత్రం ఇప్పటికీ అంటాను.

నేలవిడిచిసాము · 5 రోజుల క్రితం

మీరొచ్చి ఆ వాసన ఒకసారి పీల్చి ఉంటే అనరు.

ఒక ప్రశ్న. మూడు డబ్బాలు మిగిలాయి. తిరిగి ఇచ్చేయనా? లేక అటక మీద పెట్టేయనా?

చెక్కభజన · 4 రోజుల క్రితం

రెండూ వద్దన్నా. ఆ డిజైన్ రెండేళ్ళ తరవాత దొరుకుతుందన్న నమ్మకం లేదు, దొరికినా వేరే లాట్‌ది అయితే రంగు తేడా వస్తుంది. టెక్సాస్ అటక వేడికి పలకలు వంకర తిరుగుతాయి, గరాజ్ కూడా అంతే. ఇంట్లోనే ఏదైనా క్లోజెట్‌లో పడుకోబెట్టి ఉంచండి, నిలబెట్టొద్దు. డబ్బా మీద లాట్ నంబర్ ఫొటో తీసి లీజు ఫైల్‌లో పెట్టుకోండి.

నేలవిడిచిసాము · నిన్న

పెద్ద బెడ్‌రూము క్లోజెట్‌లో పడుకోబెట్టాను. కొత్త టెనెంట్లు నిన్న ఇల్లు చూశారు, తీసుకుంటామన్నారు. నేల గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ అడిగింది ఒకటే, "ఈ మూడు డబ్బాలు ఎప్పుడు తీసేస్తారు?" అని.